కడుపు కనిపించేలా ప్లాంక్టన్ ఫోటో తీయడం ఎలా?

నల్లటి నేపథ్యం మీద మెరిసే డయాటమ్‌లనే గాజు చిప్పల ఏకకణ శైవలాలు, పొడవాటి మీసాల కోపెపాడ్‌లనే రొయ్యల చిన్న చుట్టాలు, ముళ్ల టోపీ పెట్టుకున్నట్టుండే పీత పిల్లలు. ప్లాంక్టన్, అంటే నీటి వాలుకు కొట్టుకుపోతూ బతికే జీవుల ఫోటో అనగానే మనకు గుర్తొచ్చేవి ఇవే. అందానికి వంక పెట్టలేం. కానీ చాలా ఫోటోల్లో ఆ జీవి ఖాళీ కడుపుతో, వడకట్టిన నీటిలో, ఒంటరిగా ఉంటుంది. సముద్రంలో దాని బతుకు అలా ఉండదు. అక్కడ అది తింటూ ఉంటుంది, లేదా దాన్ని ఇంకొకటి తింటూ ఉంటుంది. ఆ తిండి కూడా ఫోటోలో పడాలన్నది నా పట్టుదల. ఇక్కడ చెప్పే పద్ధతంతా దాని కోసమే. వల కుట్టుకోవడం దగ్గర్నుంచి ఫైలుకు పేరు పెట్టడం దాకా వరసగా చెబుతాను. ఉదాహరణలు ఎక్కువగా విశాఖ తీరానివి, ఎందుకంటే తెలుగువాళ్లలో ఎక్కువమందికి అందుబాటులో ఉన్నది బంగాళాఖాతమే.

ముందు ఈ తిండి సంగతి

భూమ్మీద జరిగే కిరణజన్య సంయోగక్రియలో దాదాపు సగం సముద్రంలోనే జరుగుతుంది. అందులో అధిక భాగం చేసేది ఫైటోప్లాంక్టన్, అంటే నీటిలో తేలుతూ బతికే ఏకకణ జీవులు. చెట్లు, గడ్డి, పైరు అన్నీ కలిపి తూచిన బరువుతో పోలిస్తే వీటి బరువు ఒక శాతం లోపే. ఇంత కొంచెం సరుకు అంత పని ఎలా చేస్తోంది? పుట్టినది పుట్టినట్టే ఖర్చయిపోతోంది కాబట్టి. సముద్రంలో ఉన్న మొత్తం ఫైటోప్లాంక్టన్ సగటున వారం లోపే కొత్తదిగా మారిపోతుంది. అడవి తన బరువును కలపగా దాచుకుంటుంది. సముద్రానికి ఆ దాపరికం లేదు, వచ్చినదంతా ఎవరో ఒకరి నోట్లోకి పోతుంది. అందుకే తినడం కనబడని ప్లాంక్టన్ ఫోటో నాకు అసంపూర్ణంగా తోస్తుంది.

తినేవాళ్లలో ముందుండేది కోపెపాడ్‌లు. బియ్యపు గింజ కన్నా చిన్నవి, ఎక్కువ రకాలు ఒక మిల్లీమీటరు అటూ ఇటూ. ఇవి డయాటమ్‌లను తింటాయి. వీటిని నెత్తళ్లు, కానాగంతలు తింటాయి. కవళ్లు డయాటమ్‌లనూ కోపెపాడ్‌లనూ కలిపే వడకట్టుకుంటాయి. వాటి మీద వంజరం, చూర బతుకుతాయి. గోదావరికి ఎదురీదే పులస సముద్రంలో ఉన్నప్పుడు తినేదీ ప్రధానంగా ప్లాంక్టనే. ప్రపంచంలో అతి పెద్ద చేప అయిన తిమింగిల సొర కూడా నోరు తెరిచి ఇవే నీళ్లు వడకట్టుకుంటుంది. మన దేశంలో 2001 నుంచి దానికి వన్యప్రాణి చట్టం రక్షణ ఉంది. దాని తిండికి మాత్రం ఏ చట్టమూ లేదు.

ఇక తిన్నాక జరిగేది. కోపెపాడ్ విసర్జించే గుళిక పలచటి పొర చుట్టుకుని గట్టిగా ఉంటుంది, విడి డయాటమ్ కన్నా ఎంతో త్వరగా మునుగుతుంది. గాలిలోంచి తీసుకున్న కార్బన్‌లో కొంత ఇలాగే లోతుకు చేరుతుంది. మనుషులు ఏటా వదిలే కార్బన్ డయాక్సైడ్‌లో సుమారు పావు వంతును సముద్రం పీల్చుకుంటోంది. పీల్చుకున్నదాన్ని కిందికి దించే పనిలో ఈ గుళికలకూ వాటా ఉంది. గుళిక ఫోటో తీయమంటే ముఖం చిట్లించకండి. ఆ ఫోటోలు చాలా అరుదు.

బంగాళాఖాతానికి తనదైన లక్షణం ఒకటుంది. గంగ, బ్రహ్మపుత్ర, మహానది, గోదావరి, కృష్ణ కలిసి పోసే మంచినీరు పాల మీద మీగడలా పైన పరుచుకుంటుంది. తేలిక నీరు పైన, బరువైన ఉప్పునీరు కింద. కింద ఉన్న పోషకాలు పైకి రావడం కష్టమవుతుంది. అందుకే అరేబియా సముద్రంతో పోలిస్తే మన వైపు ప్లాంక్టన్ ఉత్పత్తి తక్కువ. అయితే ఎండలు ముదిరే మార్చి నుంచి మే మధ్య నైరుతి నుంచి తీరం వెంబడి వీచే గాలులు పై నీటిని లోపలికి నెట్టడంతో, అడుగునుంచి చల్లటి పోషకాల నీరు విశాఖ ఒడ్డు దగ్గర పైకి వస్తుంది. 1950ల్లో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో సముద్ర అధ్యయనాలు మొదలైనప్పుడు పరిశోధకులు పట్టుకున్న తొలి విషయాల్లో ఇదొకటి. అమెరికా నుంచి వచ్చిన ఇ.సి.లాఫాండ్ ఇక్కడి ఉపరితలానికి ఉబికివచ్చే నీటిని కొలిచారు. వాల్తేరు తీరంలో ఆస్టరియోనెల్లా అనే డయాటమ్ విపరీతంగా పెరిగి నీటి రంగు మార్చేయడం గురించి డి.వి.సుబ్బారావు 1969లో పరిశోధన పత్రం ప్రచురించారు. ఆ నక్షత్రాకారపు గొలుసులు మీ వలలోనూ పడవచ్చు.

హైదరాబాద్‌లోని సముద్ర సమాచార సంస్థ ఇన్‌కాయిస్ మత్స్యకారులకు తెలుగులో కూడా ఇచ్చే చేపల జాడ సమాచారం వెనక ఉన్నదీ ఇదే తర్కం. ఉపగ్రహం నీటి రంగు చూసి క్లోరోఫిల్ అంచనా వేస్తుంది, దానికి నీటి ఉష్ణోగ్రత జోడిస్తారు. 2022 నవంబరులో ఇస్రో పంపిన ఓషన్‌శాట్ ఉపగ్రహం పైనుంచి ఆకుపచ్చ మరకగా చూసేదాన్నే మీరు మైక్రోస్కోప్ కింద ఒక్కో కణంగా చూడబోతున్నారు.

మొదటి మెట్టు: వల

ప్లాంక్టన్ వల శంఖాకారపు గుడ్డ సంచి. నోటి దగ్గర రింగు, కొనకు సీసా. కొనుక్కోవచ్చు కానీ కుట్టుకోవడం కష్టం కాదు.

గుడ్డ విషయంలో రాజీ పడకండి. రంధ్రం సైజును మైక్రాన్లలో చెబుతారు. వెయ్యి మైక్రాన్లు ఒక మిల్లీమీటరు. కోపెపాడ్‌లు, పీత పిల్లల కోసం 150 నుంచి 200 మైక్రాన్ల గుడ్డ కావాలి. డయాటమ్‌ల కోసం 20 మైక్రాన్లది ఉత్తమం, 50 అయినా గొలుసులుగా ఉండేవి, పెద్దవి దొరుకుతాయి. రొయ్యల హేచరీలకు సామాను అమ్మే దుకాణాల్లో మైక్రాన్ల లెక్కన నైలాన్ మెష్ దొరుకుతుంది. భీమిలి నుంచి నెల్లూరు దాకా హేచరీలున్న ఏ ఊళ్లో అడిగినా చెబుతారు. అది దొరక్కపోతే స్క్రీన్ ప్రింటింగ్ గుడ్డ తీసుకోండి. సెంటీమీటరుకు 120 దారాలుండే రకంలో రంధ్రం సుమారు 50 మైక్రాన్ల దగ్గర ఉంటుంది, 43 దారాల రకంలో 150 దగ్గర. మీటరు ముక్క చాలు.

నోటి రింగు వ్యాసం 30 సెంటీమీటర్లు అనుకుంటే సంచి పొడవు కనీసం దానికి మూడింతలు, అంటే 90 సెంటీమీటర్లు ఉండాలి. పొట్టిగా కుడితే నీరు లోపలికి పోకుండా నోటి దగ్గరే ఎదురుతన్నుతుంది. కొనకు వెడల్పు మూతి ప్లాస్టిక్ సీసాను బిగింపు క్లిప్పుతో కట్టండి. రింగుకు మూడు వైపులా తాళ్లు కట్టి ఒకే ముడికి చేర్చి, ఆ ముడి దగ్గర చిన్న బరువు వేలాడదీయండి. లేకపోతే వల నీటి పైనే ఎగురుతూ వస్తుంది.

ఈ 30 సెంటీమీటర్ల వలను వంద మీటర్లు లాగితే లెక్క ప్రకారం సుమారు 7 ఘనపు మీటర్ల నీరు, అంటే ఏడు వేల లీటర్లు వడకడుతుంది. బకెట్‌తో ముంచితే ఎందుకు ఏమీ దొరకదో దీన్నిబట్టి అర్థమవుతుంది.

రెండో మెట్టు: ఎప్పుడు, ఎక్కడ లాగాలి

సూర్యాస్తమయం తర్వాత. ఇది ఈ పద్ధతికి ఆయువుపట్టు. జూప్లాంక్టన్‌లో, అంటే ప్లాంక్టన్‌లోని జంతువుల్లో, చాలా రకాలు పగలు చేపల కంటపడకుండా లోతుకు దిగి, చీకటి పడగానే మేతకు పైకి వస్తాయి. రోజూ జరిగే ఈ రాకపోకల బరువు లెక్కేస్తే భూమ్మీద ఇంత పెద్ద వలస మరొకటి లేదు. రాత్రి లాగిన వలలో జీవులు ఎక్కువ, వాటి కడుపులు కూడా నిండుగా ఉంటాయి. పగటి వలలో డయాటమ్‌లు బాగానే దొరుకుతాయి, వాటికి మాత్రం సాయంత్రం దాకా ఆగనక్కర్లేదు.

పోటు మీద ఉన్నప్పుడు లోపలి సముద్రపు నీరు ఒడ్డుకు వస్తుంది, రకాలు పెరుగుతాయి. పాటు మొదలైతే ఉప్పుటేర్ల నీరు కలుస్తుంది. భీమిలి దగ్గర గోస్తని మొగలో పాటు మీద లాగితే పీత, రొయ్య, గుల్లల పిల్లలు ఎక్కువగా పడతాయి, ఎందుకంటే మొగల్లోని బురద, మడ చెట్లే వాటి పుట్టిళ్లు. రెండూ చూడండి, వేర్వేరు సీసాల్లో పెట్టండి.

ఒడ్డున నిలబడి వల విసరాలనుకోవద్దు. విశాఖ బీచ్‌లలో అలలు వెనక్కి లాగే తీరు ప్రాణాంతకం, పైగా అలలు విరిగే చోట ఇసుక తప్ప మరేమీ రాదు. జెట్టీ మీంచి నడుస్తూ లాగడం, లేదా మత్స్యకారులతో మాట్లాడుకుని బోటు మీద వెళ్లడం సరైన దారి. లైఫ్ జాకెట్ తప్పనిసరి. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు తూర్పు తీరంలో మర, మోటారు బోట్ల వేటకు నిషేధం ఉంటుంది, ఆ రోజుల్లో జెట్టీనే ఆధారం. హార్బర్‌లోకి వెళ్లాలంటే ముందే అనుమతి అడగండి. విశాఖలో నౌకాదళ ప్రాంతాల దగ్గర కెమెరా బయటికి తీయకండి.

లాగే వేగం మెల్లగా నడిచినంత. మూడు నుంచి ఐదు నిమిషాలు. వేగం పెరిగితే మెత్తటి జీవులు గుడ్డకు ఒత్తుకుని నలిగిపోతాయి. వల పైకి తీశాక బయటినుంచి సముద్రపు నీరు పోసి, గుడ్డకు అంటుకున్నవాటిని సీసాలోకి దించండి. లోపలినుంచి పోయకూడదు.

మూడో మెట్టు: అరగంట గడియారం

వల పైకి వచ్చిన క్షణం నుంచి సమయం మీ చేతుల్లో ఉండదు. మన సముద్రపు వెచ్చదనంలో కోపెపాడ్ కడుపులోని మేత అరగంట నుంచి గంట లోపు బయటికి పోతుంది. ఇంటికెళ్లి, స్నానం చేసి, మైక్రోస్కోప్ ముందు కూర్చునేసరికి అది గాజులా పారదర్శకంగా మారిపోతుంది. చాలా ఫోటోల్లో కడుపు ఖాళీగా కనబడటానికి కారణం ఇదే.

దీనికి రెండు మార్గాలున్నాయి. ఒకటి, ఫోటో తీసే సామానును ఒడ్డుకు దగ్గర్లో పెట్టుకోవడం. తెలిసినవాళ్ల ఇంటి అరుగు అయినా చాలు. రెండోది సులువు: సన్న వలతో పట్టిన డయాటమ్‌ల నీటిని కోపెపాడ్‌ల సీసాలో కొంత కలిపి ఉంచండి. అవి దారిలోనూ తింటూనే వస్తాయి. రెండోది చేసినప్పుడు నోట్సులో ఆ సంగతి రాసుకోవాలి. కడుపులో ఉన్నది సముద్రంలో తిన్నదో, సీసాలో తిన్నదో ఫోటో చూసినవాళ్లకు తెలియాలి కదా.

సీసాను సగానికి మించి నింపకండి, పై సగం గాలికి వదలండి. జీవులు మరీ చిక్కగా ఉంటే వెంటనే మామూలు సముద్రపు నీరు కలిపి పలచన చేయండి, లేదంటే ఆక్సిజన్ అయిపోయి గంటలోనే అన్నీ అడుగుకు చేరతాయి. తడి గుడ్డ చుట్టి నీడలో ఉంచండి. ఐసు నేరుగా తగలనివ్వొద్దు. కుళాయి నీరు ఒక్క చుక్క కూడా కలపొద్దు.

బల్ల మీద పెట్టాక గది దీపాలు ఆర్పి సీసాకు ఒక పక్క టార్చి వేయండి. చాలా కోపెపాడ్‌లు, పీత పిల్లలు, బార్నకిల్ (రాళ్లకు, పడవలకు అంటుకుని బతికే జీవి) పిల్లలు వెలుగు వైపు ఈదుకొస్తాయి. డ్రాపర్ కొనను ఏటవాలుగా కత్తిరించి మూతి వెడల్పు చేసుకుంటే వాటిని నలగకుండా తీసుకోవచ్చు. వెలుగుకు రానివి, అడుగున పడి ఉన్నవి కూడా చూడకుండా పారబోయకండి. గుళికలు, గుడ్లు, బాణపు పురుగులు అక్కడే దొరుకుతాయి.

నాలుగో మెట్టు: ఏ పరికరంతో ఏమి దొరుకుతుంది

కొత్త కెమెరా కొనే ముందు ఈ చిన్న లెక్క చూడండి. చాలా కెమెరాల్లో ఉండే ఏపీఎస్-సీ సెన్సర్ వెడల్పు 23.5 మిల్లీమీటర్లు, దాని మీద అడ్డంగా 6000 పిక్సెళ్లు అనుకుందాం. మామూలు మాక్రో లెన్స్ అసలు సైజులో, అంటే 1:1లో తీసినప్పుడు మిల్లీమీటరు పొడవున్న కోపెపాడ్ 255 పిక్సెళ్లలో ఇమిడిపోతుంది. జీవి ఉందని తెలుస్తుంది, కడుపు తెలియదు. 5:1 దాకా వెళ్లే లెన్స్‌తో అదే జీవి సుమారు 1275 పిక్సెళ్లు వస్తుంది. అప్పుడు పేగులోని రంగు స్పష్టంగా కనబడుతుంది. డయాటమ్‌లకు ఇది కూడా చాలదు.

మైక్రోస్కోప్ అయితే కాలేజీ ల్యాబుల్లో వాడే రకమే చాలు. పదింతల కంటిలెన్స్‌తో చూసినప్పుడు 4ఎక్స్ ఆబ్జెక్టివ్‌లో (స్లైడుకు దగ్గరగా ఉండే లెన్స్) సుమారు నాలుగున్నర మిల్లీమీటర్ల మేర కనబడుతుంది, 10ఎక్స్‌లో 1.8, 40ఎక్స్‌లో అర మిల్లీమీటరు లోపు. కోపెపాడ్‌కు 4 లేదా 10, డయాటమ్‌కు 10 లేదా 40. కంటిలెన్స్‌కు ఫోను బిగించే అడాప్టర్ ఆన్‌లైన్‌లో చవగ్గా దొరుకుతుంది. మామూలు 10ఎక్స్ ఆబ్జెక్టివ్ విడదీయగలిగే వివరం 1.3 మైక్రాన్ల దగ్గర ఆగిపోతుంది, 40ఎక్స్‌ది అర మైక్రాన్ దగ్గర. ఫోనులో ఎన్ని మెగాపిక్సెళ్లున్నా ఆ గీత దాటదు. అందుకే డబ్బు పెట్టాలనుకుంటే ఫోను మీద కన్నా ఆబ్జెక్టివ్ మీద పెట్టడం మేలు.

బడి పిల్లలకు, ఒడ్డునే చూడాలనుకునేవాళ్లకు ఫోల్డ్‌స్కోప్ మంచి సాధనం. స్టాన్‌ఫోర్డ్‌లో మను ప్రకాశ్ బృందం తయారుచేసిన ఈ కాగితపు మైక్రోస్కోప్ 140 రెట్లు పెద్దది చేసి చూపిస్తుంది, జేబులో పడుతుంది. అరగంట గడియారాన్ని ఓడించడానికి ఇంతకన్నా తేలికైన దారి లేదు.

సముద్రానికి దూరంగా ఉన్నవాళ్లు, ముఖ్యంగా హైదరాబాద్, వరంగల్ వైపు వాళ్లు, అక్వేరియం దుకాణంలో ఆర్టీమియా (చేపలకు మేతగా వేసే చిన్న ఉప్పునీటి జీవి) గుడ్లు కొని సాధన చేయవచ్చు. లీటరు నీటికి 25 నుంచి 30 గ్రాముల ఉప్పు కలిపి, గాలి బుడగలు వదులుతూ 28 డిగ్రీల దగ్గర ఉంచితే ఒక రోజులో పిల్లలు బయటికొస్తాయి. పుట్టగానే వాటికి నోరు తెరుచుకోదు. మరో ఎనిమిది, పన్నెండు గంటల్లో కుబుసం విడిచాక తినడం మొదలెడతాయి. అప్పుడు చిటికెడు స్పైరులినా పొడి నీటిలో కలిపి వేయండి. కాసేపటికే నారింజ రంగు ఒంట్లో పచ్చటి గీత తల నుంచి తోక దాకా పాకుతుంది. వెలుగు, ఫోకస్, కదలిక అన్నీ ఇక్కడే చేతికి అలవాటవుతాయి.

ఐదో మెట్టు: వెలుగు

నాకు అన్నిటికన్నా ఎక్కువ సమయం పట్టేది ఇక్కడే, పట్టాలి కూడా.

కింది నుంచి నేరుగా వచ్చే వెలుగులో, అంటే బ్రైట్‌ఫీల్డ్‌లో, నేపథ్యం తెల్లగా ఉంటుంది. కడుపులోని రంగు నిజాయితీగా కనబడేది ఇందులోనే. డయాటమ్‌లు తిన్న పేగు బంగారు గోధుమ రంగులో, ఇతర పచ్చటి కణాలు తింటే ఆకుపచ్చగా ఉంటుంది. వైట్ బ్యాలెన్స్‌ను ఖాళీ నీటి భాగం మీద పెట్టి లాక్ చేయండి, ఆటోలో వదిలితే ప్రతి ఫోటోకూ రంగు మారిపోతుంది. కండెన్సర్ (వెలుగును స్లైడు మీద కూర్చే లెన్స్) కింది డయాఫ్రమ్‌ను, అంటే వెలుగును కుదించే తెరను, కొంచెం మూస్తే అంచులు తేలతాయి. పూర్తిగా మూస్తే ప్రతి గీత చుట్టూ నల్లటి వలయాలు వస్తాయి, వివరం పోతుంది.

నల్లటి నేపథ్యం కావాలంటే డార్క్‌ఫీల్డ్. దీనికి ఖరీదైన సామాను అక్కర్లేదు. నల్ల చార్టు కాగితం నుంచి గుండ్రటి బిళ్ల కత్తిరించి, పారదర్శక ప్లాస్టిక్ ముక్క మీద మధ్యలో అంటించి, కండెన్సర్ కింది ఫిల్టర్ అరలో పెట్టండి. డయాఫ్రమ్ పూర్తిగా తెరవండి. బిళ్ల సైజు ఎంతుండాలో తెలుసుకోవడానికి కంటిలెన్స్ తీసేసి గొట్టంలోంచి చూడండి: లోపల వెలుగు వలయం కనబడుతుంటే బిళ్ల చిన్నది, ఇంకొంచెం పెద్దది కత్తిరించండి. వలయం మాయమైన సైజు సరైనది. 4ఎక్స్, 10ఎక్స్ ఆబ్జెక్టివ్‌లకు ఇది చక్కగా పనిచేస్తుంది, 40ఎక్స్‌కు ఈ ఉపాయం చాలదు. డార్క్‌ఫీల్డ్‌లో మీసాల రోమాలు, డయాటమ్ ముళ్లు అద్భుతంగా వెలుగుతాయి. కడుపు రంగు మాత్రం తేలిపోతుంది. అందుకని ఒకే జీవిని రెండు వెలుగుల్లోనూ తీసి పక్కపక్కన పెట్టడం నా అలవాటు.

మాక్రో లెన్స్‌తో అయితే చిన్న గాజు పాత్రను నల్ల వెల్వెట్ గుడ్డకు కాస్త ఎత్తులో నిలిపి, రెండు పక్కల నుంచి ఫ్లాష్ కొట్టండి. వెలుగు గాజు అడుగుకు తగలకుండా పక్కగా వెళ్లాలి. నీటిలోని ధూళి ఇందులో నక్షత్రాల్లా కనబడుతుంది కాబట్టి జీవిని ఒకటి రెండుసార్లు శుభ్రమైన సముద్రపు నీటిలోకి మార్చాల్సి వస్తుంది. త్వరగా చేయండి, గడియారం నడుస్తోంది.

రెండు పోలరైజింగ్ ఫిల్ములు ఉంటే ఒకటి స్లైడు కింద, ఒకటి పైన పెట్టి తిప్పండి. నేపథ్యం నల్లబడ్డ చోట గుల్లల పిల్లల చిప్పలు అడ్డగీతల రంగులతో మెరుస్తాయి, కోపెపాడ్ కండరాలు వెలుగుతాయి. నీటిలో కలిసిపోయి కనబడని గుల్ల పిల్లలను వెతకడానికి కూడా ఇది పనికొస్తుంది.

చవక ఎల్‌ఈడీ దీపాలు కరెంటుతో నడిచినప్పుడు సెకనుకు వందసార్లు మినుకుతాయి, వీడియోలో చారలు వస్తాయి. పవర్ బ్యాంకుతో నడిచేవి వాడితే ఈ బాధ చాలావరకు తీరుతుంది.

ఆరో మెట్టు: కదలిక

కోపెపాడ్ బెదిరితే ఒక్క సెకనులో తన ఒంటి పొడవుకు వందల రెట్ల దూరం దూకగలదు. షట్టర్ వేగంతో దాన్ని పట్టుకోలేం, ఫ్లాష్‌తోనే. ఫ్లాష్ పవర్ 1/32కు తగ్గిస్తే వెలుగు సెకనులో పదివేల వంతు కన్నా తక్కువ సేపు ఉంటుంది, కదలిక గడ్డకట్టినట్టు వస్తుంది. గది చీకటిగా ఉంచి, ఐఎస్‌ఓ కొంచెం పెంచి ఆ తక్కువ వెలుగును సర్దుకోండి. మాక్రోలో లెన్స్‌ను మరీ మూయకండి: 5:1 దగ్గర ఎఫ్/2.8 అంటే అసలు పనిచేసేది ఎఫ్/16.8 లెక్కన. ఎఫ్/8 పెడితే అది ఎఫ్/48 అవుతుంది, ఫోటో మొత్తం మెత్తబడుతుంది.

స్లైడు మీద జీవి ఊరికే పరిగెత్తకుండా ఉండాలంటే నీరు తగ్గించడమే మంచి పద్ధతి. కవర్‌స్లిప్ నాలుగు మూలలా కొంచెం వాజలైన్ పెట్టి ఆనించండి. మెల్లగా నొక్కుతూ, జీవి కదలడానికి చోటు తగ్గేదాకా, నలగకముందే ఆపండి. పక్కనుంచి టిష్యూ కాగితంతో నీరు లాగినా అదే ఫలితం. మత్తు కలిగించే పద్ధతులున్నాయి, మెగ్నీషియం క్లోరైడ్ ద్రావణం వాటిల్లో ప్రసిద్ధం. నేను వాటిని ఇష్టపడను. మత్తులో జీవి తినదు, మీసాలు వాలిపోతాయి, కాళ్ల ఊపు ఆగిపోతుంది. మనం తీయాలనుకున్నదే పోతుంది.

డయాటమ్‌లు పారిపోవు కాబట్టి వాటికి ఫోకస్ స్టాకింగ్ చేయండి. ఫైన్ ఫోకస్ మరను కొంచెం కొంచెం తిప్పుతూ పది నుంచి ముప్పై ఫోటోలు తీసి, హెలికాన్ ఫోకస్ లేదా జెరీన్ స్టాకర్‌లో కలిపితే కీటోసెరాస్ అనే డయాటమ్ ముళ్లన్నీ ఒకేసారి స్పష్టంగా వస్తాయి.

ఏమి వెతకాలి

ఇవి దొరికినప్పుడు మిగతావన్నీ పక్కన పెట్టండి.

నిండు పేగున్న కోపెపాడ్, పక్కనే అది తినే డయాటమ్ గొలుసు. ఒకే ఫ్రేములో రెండూ వస్తే అంతకన్నా కావలసింది లేదు. ఆడ కోపెపాడ్ తోక దగ్గర గుడ్ల సంచి మోస్తుంటే ఆ తిండి ఎటు పోతోందో కూడా తెలిసిపోతుంది.

బాణపు పురుగు. సన్నగా, పూర్తి పారదర్శకంగా, తలకు ఇరువైపులా కొక్కేలతో ఉంటుంది. దాని కడుపులో మింగిన కోపెపాడ్ యథాతథంగా కనబడుతుంది, కొన్నిసార్లు ఆ కోపెపాడ్ పేగులో ఉన్న రంగుతో సహా. మూడు మెట్ల ఆహార గొలుసు ఒక్క ఫోటోలో. దీనికి బ్రైట్‌ఫీల్డ్, 4ఎక్స్.

మలగుళిక. 40ఎక్స్‌లో పెట్టి చూస్తే లోపల విరిగిన డయాటమ్ చిప్పల ముక్కలు కనబడతాయి. అవి సిలికాతో చేసినవి, అరగవు.

పీత జోయియా (ఈదుతూ తిరిగే పిల్ల దశ), రొయ్య పిల్లలు. ఇవి కొన్ని వారాలే ప్లాంక్టన్, తర్వాత అడుగుకు దిగిపోతాయి. మన ఆక్వా రైతులకు ఈ దశలు బాగా పరిచయం. హేచరీల్లో రొయ్య పిల్లల జోయియా దశకు కీటోసెరాస్, స్కెలిటోనెమా అనే డయాటమ్‌లను పెంచి మేతగా వేస్తారు. తెలిసిన హేచరీ ఉంటే అడిగి చూడండి. అక్కడి టెక్నీషియన్లు జోయియా వెనక వేలాడే మలతీగ పొడవు చూసి మేత సరిపోతోందో లేదో చెప్పగలరు. ఈ చూపే ఫోటోగ్రాఫర్‌కు కావాలి.

సఫిరినా అనే కోపెపాడ్ దొరికితే అదృష్టం. మగ సఫిరినా ఒంట్లోని గ్వానిన్ స్ఫటికాల వల్ల ఒక కోణంలో నీలంగా మెరిసి, ఇంకో కోణంలో మాయమవుతుంది. పక్క ఫ్లాష్‌తో వరసగా తీస్తూ పోండి.

రాత్రి వెలిగే నీరు

నాక్టిల్యూకా అనే డైనోఫ్లాజెల్లేట్ (ఏకకణ జీవుల్లో ఒక రకం) మిల్లీమీటరు దాకా పెరుగుతుంది, గిన్నెలో కంటికే చుక్కల్లా కనబడుతుంది. కదిపితే నీలంగా వెలుగుతుంది. 2019 ఆగస్టులో చెన్నై బీచ్‌లలో అలలు వెలిగింది దీనివల్లే. అలాంటి రాత్రి మీకు ఎదురైతే ట్రైపాడ్, వెడల్పు లెన్స్ ఎఫ్/2.8 లేదా ఇంకా తెరిచి, ఐఎస్‌ఓ 3200, ఐదు నుంచి పది సెకన్లు, ఫోకస్ చేత్తో. అమావాస్యకు దగ్గర రోజులు, వీధి దీపాలకు దూరం.

ఆ వెలుగు ఫోటోతో సరిపెట్టుకోకుండా ఒక సీసా నీరు తెచ్చి మైక్రోస్కోప్ కింద కూడా పెట్టండి. నాక్టిల్యూకా గుండ్రటి ఒంట్లో అది మింగిన డయాటమ్‌లు, ఒక్కోసారి కోపెపాడ్ గుడ్లు కనబడతాయి. మన వెచ్చటి సముద్రాల్లో దొరికే ఆకుపచ్చ రకం తన ఒంట్లోనే శైవలాలను పోషించుకుంటుంది. అరేబియా సముద్రంలో ఈ శతాబ్దం మొదటి నుంచి శీతాకాలపు డయాటమ్‌ల స్థానంలో ఇదే పెరుగుతోంది. దీన్ని కోపెపాడ్‌లు పెద్దగా తినవు, సాల్ప్‌లు (నీటిని వడకట్టుకుని తినే పారదర్శక జీవులు), జెల్లీ చేపలు తింటాయి. అంటే చేపల దాకా రావాల్సిన తిండి దారి మళ్లుతోంది. బీచ్‌లో జనం చప్పట్లు కొట్టే ఆ నీలి వెలుగు వెనక నాకు కలవరపెట్టే విషయం ఇది. దట్టంగా పెరిగి చచ్చినప్పుడు అమ్మోనియా పెరిగి, ఆక్సిజన్ తగ్గి చేపలు కూడా చనిపోతాయి.

స్కేలు, పేరు, నోట్సు

స్కేలు లేని ప్లాంక్టన్ ఫోటో ఎవరికీ పెద్దగా ఉపయోగపడదు. స్టేజ్ మైక్రోమీటర్ అనే స్లైడు కొనండి, దాని మీద ఒక మిల్లీమీటరును వంద భాగాలు చేసి ఉంటుంది, ఒక్కో భాగం పది మైక్రాన్లు. ప్రతి ఆబ్జెక్టివ్‌తోనూ దాన్ని ఒకసారి ఫోటో తీసి దాచుకోండి. ఇమేజ్‌జే అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఆ ఫోటో ఆధారంగా మిగతా వాటిమీద గీత వేసుకోవచ్చు. ఫోను జూమ్ మార్చితే ఆ లెక్క చెల్లదని గుర్తుంచుకోండి.

ఎడిటింగ్‌లో ధూళి చుక్కలు తీయండి, కాంట్రాస్ట్ సరిచేయండి. కడుపు రంగును మాత్రం ముట్టుకోవద్దు. పచ్చదనం పెంచితే అది తినని మేతను తిన్నట్టు చూపించినట్టే.

ఫైలు పేరులో తేదీ, సమయం, చోటు, ఆబ్జెక్టివ్ ఉండాలి. నోట్సులో ఇంకా కొన్ని: పోటా పాటా, నీటి ఉష్ణోగ్రత, వల మెష్ ఎన్ని మైక్రాన్లు, వల తీశాక ఎన్ని నిమిషాలకు ఫోటో తీశారు. చివరిది లేకపోతే ఖాళీ కడుపుకు అర్థం చెప్పలేం. వీలైతే నెలకొకసారి అదే చోట, అదే పోటులో లాగండి. మార్చి, ఏప్రిల్‌లో డయాటమ్ గొలుసులు, వరదలొచ్చాక ఉప్పు తగ్గిన నీటిలో ఇంకో రకం జీవులు, తుఫాను నీటిని కలిపేసి వెళ్లాక కొన్ని రోజులకు మళ్లీ ఇంకో లోకం. ఏడాది తిరిగేసరికి మీ దగ్గర ఉన్నది ఆ ఒడ్డు తిండి లెక్క అవుతుంది.

పని అయ్యాక బతికున్న జీవులను తెచ్చిన చోటి నీటిలోనే వదలండి, వేరే మొగలోనో చెరువులోనో వద్దు. వలను మంచినీటితో కడిగి నీడలో ఆరబెట్టండి, ఎండలో నైలాన్ పెళుసవుతుంది. మైక్రోస్కోప్ స్టేజ్ మీద ఉప్పునీటి చుక్క ఒక్క రాత్రి ఉన్నా తుప్పు మొదలవుతుంది, డిస్టిల్డ్ వాటర్‌తో తడిపిన గుడ్డతో వెంటనే తుడవండి.

ఫోటోలను ఐనాచురలిస్ట్ అనే జీవుల గుర్తింపు వెబ్‌సైటులో పెడితే గుర్తుపట్టడంలో సాయం చేసేవాళ్లు దొరుకుతారు. పేరు రాసేటప్పుడు తెలిసినంతవరకే రాయండి. కోపెపాడ్‌ను జాతి దాకా గుర్తించాలంటే చాలాసార్లు ఐదో జత కాళ్లు చూడాలి, అవి ఫోటోలో పడవు. అలాంటప్పుడు 'కోపెపాడ్, పేగులో గోధుమ రంగు మేత, వల తీసిన ఇరవై నిమిషాలకు' అని రాస్తే చాలు.